బోల్తా ధ్రువపత్రం

కిందటి మాఘమాసంలో సంయుక్త సంచాలకుల వారి కారు బోల్తా పడింది. కొండ మీద కాదు. పల్లంలో, అద్దంలాంటి తారు రోడ్డు మీద, ఎదురుగా ఒక్క మేకైనా లేని చోట. పెళ్లిభోజనం చేసి వస్తున్న డ్రైవరుకు కునుకు పట్టింది. కారు రోడ్డు దిగి, పెసరచేలో ఒకసారి పొర్లి, మళ్లీ నాలుగు చక్రాల మీదే నిలబడింది. ఎవరికీ గోరంత గాయం కాలేదు. వెనకసీట్లో ఉన్న లడ్డూల బుట్ట ఒక్కటే మళ్లీ బూందీ అయింది. ఈ సంఘటన మీద వేసిన విచారణ సంఘం మూడు నెలలు ఆలోచించి, కొండదారులు చాలా ప్రమాదకరమైనవని తేల్చింది.

ఆ వెంటనే కొండమార్గ వాహన భద్రతా విభాగం అని కొత్తగా ఒకటి పుట్టింది. పుట్టిన వారానికే ఉత్తర్వు జారీ చేసింది. "కొండమార్గములందు సంచరించు సమస్త ప్రభుత్వ వాహనముల లోపల, ఆయా వాహనముల కొలతలకు సరిపడునట్లు ప్రత్యేకముగా తయారుచేయించిన ఉక్కు రోల్ కేజ్ అమర్చవలెను. అమర్చి, అందుకు ధ్రువపత్రము పొందనంతవరకు వాహనము ఆవరణ దాటరాదు."

ఆ ఉత్తర్వు బొడ్డగూడెం చేరేసరికి, బండి పొర్లినా పైకప్పు నలగకుండా ఆపే ఆ గొట్టాల గూటికి రోల్ కేజ్ అన్న పేరు అరిగిపోయి 'పంజరం' అని మిగిలింది. బొడ్డగూడెం కొండ కింద ఊరు. అక్కడి ప్రభుత్వాసుపత్రికి ఒకే ఒక జీపు. నాలుగు చక్రాలూ లాగే పాత జీపు, రాళ్ళల్లో రప్పల్లో మేకపోతులా ఎక్కేది. ఆ జీపులో ప్రతి గురువారం టీకామందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కొండెక్కేది నర్సు వరహాలమ్మ.

ఉత్తర్వు వచ్చిన రోజున వరహాలమ్మ చేసిన మొదటి పని గోడమీది కేలండరు చూడడం. అంతకు నాలుగు రోజుల ముందే, మే నెల మొదటి గురువారం, గెడ్డవలస, జీలుగుమెట్ట, నేరేడుబంద అనే మూడు కొండ పల్లెల్లో నలభైముగ్గురు పిల్లలకి మొదటి సూది వేసి వచ్చింది. రెండోది నాలుగు వారాల తరువాత వెయ్యాలి. ఆరు వారాలు దాటనివ్వకూడదు. దాటనిద్దామన్నా జూన్ నెల సగానికి వానలు పడతాయి. పడితే దారిలో మూడుచోట్ల అడ్డొచ్చే కొండవాగు, ఆ గెడ్డ, పొంగుతుంది. ఇక దసరా దాకా పైకి దారి లేదు. నడిచి వెళ్లడానికి ఆమెకి ఓపిక లేక కాదు. పెట్టెలో ఐసుకు ఓపిక లేదు. అది ఒక్క పగలు నిలుస్తుంది, నడకకి రెండు పగళ్ళు పడతాయి.

అన్నిటికన్నా ఆమెని తొలుస్తున్నది నేరేడుబంద సుక్రి అన్న మాట. మొదటి సూదికే సుక్రి చంటిదాన్ని చీరకొంగులో దాచేసి బయటికి తియ్యలేదు.

"ముందోపాలి కూడా ఇలాగే ఒకావిడొచ్చి మా పెద్దోడిని పొడిసి ఎల్లిపోనాది. రెండోది ఏస్తాను, కాసుకోండి అంది. కాసుకున్నాం. ఆడికి మీసాలొచ్చేసినాయి, ఆవిడ రాలేదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు గాని ఒక్కరూ పిల్లల్ని ముందుకు తేలేదు. వాన పడకముందే నేను వస్తాను, రాకపోతే ఇంకెప్పుడూ ఎవరినీ గుమ్మం తొక్కనివ్వకండి అని వరహాలమ్మ చెప్పిన తరువాతే ఆ కొంగుముడి విడింది.

కాబట్టి పంజరం ఎంత త్వరగా అమరితే అంత మంచిదనుకుంది. ఆ పని ఊళ్ళో మస్తానుకి అప్పగించారు. మస్తాను ట్రాక్టర్లకి తొట్లూ, లారీలకి బంపర్లూ చేస్తాడు. పంజరం ఎప్పుడూ చెయ్యలేదు. చెయ్యలేదు కాబట్టే శ్రద్ధగా చేశాడు. ముందు సీట్లన్నీ ఊడదీశాడు. అట్టముక్కలు కత్తిరించి జీపు లోపలి వంపులన్నీ, దర్జీ జాకెట్టుకి కొలత తీసుకున్నట్టు తీసుకున్నాడు. గొట్టం వంచేటప్పుడు నొక్కు పడకుండా అందులో ఎండిన ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు కొట్టి, అప్పుడు వంచాడు. ముందుసీట్ల వెనక ఒక పెద్ద కమాను, అద్దం వెంబడి ఇంకొకటి, రెంటినీ కలుపుతూ పైకప్పు కింద రెండు గొట్టాలు, వెనక్కి ఏటవాలుగా రెండు కాళ్లు. ఆ కాళ్ళని నేలరేకు మీద నిలబెట్టలేదు. రేకుకి కన్నం పెట్టి కిందున్న బండి చట్రానికే, అదే చాసిస్‌కే, పట్టించాడు. రేకు మీద నిలబెడితే, బండి పొర్లినప్పుడు గొడుగు కొస బురదలో దిగినట్టు దిగిపోతుందని చెప్పాడు.

జీపు డ్రైవరు దాలినాయుడు పని జరిగిన పన్నెండు రోజులూ మస్తాను షెడ్డులోనే ముక్కాలిపీట వేసుకు కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల నుంచి ఆ జీపు అతని చేతిలోదే. రెండో గేరు వేస్తే మోచెయ్యి గొట్టానికి తగులుతోందని ఒకసారి, అద్దంలో వెనకదారి కనపడటం లేదని ఒకసారి పేచీ పెట్టాడు. మస్తాను విసుక్కోకుండా రెండూ సరిచేశాడు. వరహాలమ్మ సాయంత్రాలు వెళ్లి తన సీటులో కూర్చుని చూసేది. అడ్డుగొట్టం ఒకటి సరిగ్గా టీకామందు పెట్టె పెట్టుకునే చోటికి వచ్చింది. మర్నాడు ఆమె ఖాళీ పెట్టె తెచ్చి అక్కడ పెట్టడానికి ప్రయత్నించి చూపించింది. మస్తాను అతుకు కోసి గొట్టాన్ని జానెడు పక్కకి జరిపాడు. తల తగిలేచోటల్లా మందంగా స్పాంజి చుట్టి, తోలు కుట్టాడు. చివరికి నల్లరంగు కొట్టి బయటికి తీస్తే, దాలినాయుడు చుట్టూ తిరిగి చూసి, పుట్టినప్పట్నుంచీ బండి లోపల ఉన్న ఎముకలే ఇప్పుడు బయటికి కనపడుతున్నట్టున్నాయన్నాడు. అంత బాగా అమరింది.

ఇక మిగిలింది ధ్రువపత్రం.

భద్రతాధికారి ముక్తేశ్వరరావు గారు వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. కాగితంలో లేని పని చెయ్యరు, ఉన్న పని మానరు. పంజరాన్ని కలంతో రెండుచోట్ల కొట్టి, ఆ మోత చెవి ఒగ్గి విన్నారు. బోల్టులు లెక్కపెట్టారు. తనిఖీ పత్రంలో మొత్తం పద్నాలుగు గడులు. పన్నెండు గడులు చకచకా నింపారు. పదమూడో గడి దగ్గర కలం ఆగింది. "అమర్చిన పంజరము పనిచేయుచున్నదా? అవును / కాదు."

"పనిచేస్తోందా?" అని ఆయన మస్తానుని అడిగారు.

"అది పనిసేసేది బండి తిరగబడ్డప్పుడు కద సార్. తిరగబడితే తెలుస్తాది."

అందులో ఎగతాళి లేదు. ఇస్త్రీపెట్టె కాలుతోందా అంటే ప్లగ్గు పెడితే తెలుస్తుందన్నట్టుగానే చెప్పాడు. కాని ముక్తేశ్వరరావు గారి ముఖం వెలిగింది. ఇంత సూటి సూచన తమ విభాగంలో ఒక్కరికీ తట్టలేదన్నారు. పదమూడో గడి ఖాళీగా వదిలి, కింద "బోల్తా పడిన పిదప నింపబడును" అని రాసి సంతకం పెట్టారు.

ఆ తనిఖీ పత్రం పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడ ఎవరో ఒకరు నవ్వి పక్కన పడేస్తారని వరహాలమ్మ ఆశపడింది. వారంరోజుల్లో జవాబు వచ్చింది. "బొడ్డగూడెం క్షేత్రస్థాయి సూచన మిక్కిలి అభినందనీయము. ఇకమీదట ఏ పంజరమునకైనను, ఆ వాహనము కనీసము ఒకసారి సంతృప్తికరముగా బోల్తా పడిన పిదప మాత్రమే ధ్రువపత్రము ఇవ్వవలెను. వాహనము ప్రభుత్వ ఆస్తి గనుక, బోల్తా ముందస్తు అనుమతితోను, ఎడమవైపునకు మాత్రమే జరుగవలెను."

జీపు ఆసుపత్రి ఉన్న తాలూకా కార్యాలయాల ఆవరణలో వేపచెట్టు కింద నిలబడింది. చక్రాలకి అడ్డంగా తాడు కట్టి, తాడుకి లక్కముద్ర వేశారు. మే నెల అయిపోయింది. వరహాలమ్మ ముక్తేశ్వరరావు గారి దగ్గరకెళ్లి, నలభైముగ్గురు పిల్లల సంగతి, గెడ్డ సంగతి వివరంగా చెప్పింది. ఆయన చాలా బాధపడ్డారు. పిల్లల విషయం కాబట్టే తాను రాజీ పడలేనన్నారు. పని చేస్తుందో లేదో తెలియని పంజరంలో ఆమెను పంపి, రేపు ఏదైనా జరిగితే పిల్లల గతేమిటని ఎదురు ఆమెనే అడిగారు. పంజరమే లేకుండా పంతొమ్మిదేళ్లు వెళ్లొచ్చాం కదండీ అంటే, ఆ మాట బయట ఎక్కడా అనకండి, పాత తప్పులు తిరగదోడవలసి వస్తుందన్నారు.

ఆ మాటే నిజమైంది. మూడో రోజున దాలినాయుడు ఒక కవరు పట్టుకుని ఆసుపత్రి అరుగు మీదికి వచ్చాడు. మనిషి నీరుకారిపోయి ఉన్నాడు. కవరు ఆమె చేతిలో పెట్టి చదవమన్నాడు. "తమ పందొమ్మిది సంవత్సరముల సర్వీసులో తాము ఒక్కసారియు బోల్తా పడియుండలేదని రికార్డులవలన తెలియుచున్నది. తత్కారణముగా తమకు బోల్తా విషయమున ఎట్టి అనుభవమును లేదు. ఇందుకు సంజాయిషీ మూడు దినములలో సమర్పించవలెను."

"ఏటి రాస్తామమ్మా దీనికి?" అన్నాడు దాలినాయుడు. "ఒక్కపాలైనా ఎనకసక్రం గట్టు దిగనివ్వలేదు నాను. మా ఆవిడ పురిటినొప్పులు పడతన్నాదని కబురొచ్చిన రోజున కూడా మలుపుకాడ హారను కొట్టి, ఆగి మరీ వొచ్చినాను. అది తప్పని ఇప్పుడు సెప్తన్నారు."

"తప్పని కాదు నాయుడూ. అలవాటు లేదంటున్నారు."

"నేర్పించేవోలు ఏరీ?"

వరహాలమ్మ ఆలోచించి, "అవకాశం రాలేదు" అని రెండు ముక్కల్లో జవాబు రాసి ఇచ్చింది. అతను సంతకం పెట్టాడు గాని, అవకాశాలు ఎన్ని వచ్చాయో, ఎన్ని తప్పించాడో ఒక్కొక్క మలుపూ పేరుపెట్టి చెబుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

జవాబు తృప్తికరంగా లేదని అతన్ని తప్పించి, అనుభవజ్ఞుడైన డ్రైవరు కోసం జిల్లా అంతటికీ ప్రకటన పంపారు. కనీస అర్హత మూడు బోల్తాలు. కొండమార్గ బోల్తా ఉన్నవారికి ప్రాధాన్యం. ఏడుగురు వచ్చారు. అందులో గుద్దుకోవడమే గాని బోల్తా లేని ఇద్దరిని వెనక్కి పంపేశారు. ఒకడు ఉన్న రెండిటికీ దొంగ సర్టిఫికేటుతో మూడోది కలిపాడని పట్టుబడ్డాడు. చివరికి అప్పలకొండ అనే ఆయన నెగ్గాడు. నాలుగు బోల్తాలు, నాలుగూ ఎడమవైపే, నాలుగూ వేర్వేరు శాఖల్లో. ఆ నాలుగు చోట్లా తనని ఉద్యోగంలోంచి తీసేసిన కాగితాలు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుని తెచ్చుకున్నాడు. అవన్నీ ఇన్నాళ్లకి యోగ్యతాపత్రాలయ్యాయి. ఇంటర్వ్యూ అయి బయటికొచ్చిన అప్పలకొండ కళ్ళు తుడుచుకోవడం వరహాలమ్మ స్వయంగా చూసింది. జీవితంలో మొదటిసారి తనని పెద్దవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టారట.

ప్రథమ బోల్తా మహోత్సవానికి ముహూర్తం కావలసివచ్చింది. పురోహితుడు పంచాంగం తీసి, వాహనానికి దివ్యమైన లగ్నం ఒకటి చెప్పాడు. ముక్తేశ్వరరావు గారు కంగారుపడ్డారు. అంత మంచి ముహూర్తం పెడితే బండి పడదేమోనని ఆయన అనుమానం. చెడ్డది చూడమన్నారు. నలభై ఏళ్ళుగా మంచివే పెట్టిన చేత్తో చెడ్డది రాయలేనని పురోహితుడు మొరాయించాడు. ఇద్దరూ చెరో మెట్టు దిగి, గురువారం రాహుకాలానికి ఒప్పుకున్నారు. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా.

ఆ గురువారం నాటికి అయిదు వారాలు నిండాయి. కొండమీద మబ్బు నీలంగా దిగుతోంది.

ఆవరణలో షామియానా వేశారు. మైకు పెట్టారు. ఒకపక్క మట్టితో ఏటవాలుగా గుట్ట పోయించారు, కుడి చక్రాలు ఎక్కితే జీపు ఎడమకి పొర్లాలన్న లెక్కతో. శిలాఫలకం ముందే చెక్కించి, పట్టుగుడ్డ కప్పారు. విభాగం నుంచి వచ్చిన పెద్దాయన జీపుకి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, తాడుకున్న లక్కముద్ర పగలగొట్టి, ప్రగతిపథంలో ఇది ఒక మలుపు అని అరగంట మాట్లాడారు. అప్పలకొండ తలపాగా చుట్టుకుని, నిమ్మకాయలు తొక్కించి, బండి ముందుకు పోనిచ్చాడు.

జీపు గుట్ట ఎక్కింది. వంగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది ఆ వంపులోనే నిదానంగా నడిచి, అవతలి కొసన దిగి, మామూలుగా నిలబడింది. అలవాటు కొద్దీ రెండు చప్పట్లు మోగి ఆగిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి వేగంగా రమ్మన్నారు. వేగంగా వచ్చి, వేగంగా దిగింది. షామియానా చివర తాడు పట్టుకు నిలబడ్డ దాలినాయుడు ముఖంలో ఏ భావమూ లేదు. అతని కుడికాలు మాత్రం ప్రతిసారీ నేలమీద బ్రేకు నొక్కుతోంది.

ముక్తేశ్వరరావు గారు అప్పలకొండని పక్కకి పిలిచి, మీ అనుభవం ఏమైందని నిలదీశారు.

"నాకు నిద్రొస్తే గాని పడదండి బాబూ," అన్నాడు అప్పలకొండ, సిగ్గుపడుతూ. "నాలుగూ కునుకులోనే అయినాయి. తెలివుండగా నానెప్పుడూ పడెయ్యలేదు."

వెంటనే అతిథుల కోసం వండించిన పులిహోర, గారెలు, పాయసం అతనికి వడ్డించారు. రెండుసార్లు పాయసం పోశారు. మైకు కట్టేశారు. అందరినీ మాట్లాడొద్దన్నారు. ఒక గుమస్తా విసనకర్రతో విసిరాడు. అప్పలకొండ స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నూటయాభైమంది నిశ్శబ్దంగా అతన్నే చూస్తున్నారు. పావుగంటకి కళ్ళు తెరిచి, ఇంతమంది సూత్తంటే ఎలగండీ అన్నాడు.

రాహుకాలం ఇంకో ఇరవై నిమిషాలుంది. ఆఖరికి సిబ్బంది నలభైమంది చొక్కాచేతులు మడిచి, జీపుని కుడివైపునించి తోశారు. జీపు ఊగింది. కుడి చక్రాలు మూరెడు లేచాయి. లేచి, ఉయ్యాల తిరిగొచ్చినట్టు తిరిగొచ్చి, దబ్బున నేలమీద కూర్చుంది. మస్తాను దూరంనుంచి చూసి, పక్కనున్న వరహాలమ్మతో నెమ్మదిగా, బరువంతా కింద చాసిస్‌కి పట్టించేశానమ్మా, ఇక ఇది ఈ జన్మలో తేలిగ్గా పడదన్నాడు. ఆ మాటలో విచారం ఎంతో గర్వం ఎంతో ఆమెకి తెలియలేదు. మూడు గంటలకి రాహుకాలం అయిపోయింది. శిలాఫలకం మీద పట్టుగుడ్డ అలాగే ఉంచి, షామియానా విప్పేశారు.

ఆ సాయంత్రం వరహాలమ్మ ఇంటికెళ్లలేదు. ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చుని, కాగితం తీసుకుని, ఒక మాట కొట్టేసి ఇంకో మాట పెట్టి, అర్జీ రాసింది. ఇంతకుముందు పిల్లల గురించి చెప్పి ఓడిపోయింది. ఈసారి పిల్లల మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే ముక్తేశ్వరరావు గారికి ఆ అర్జీ ఇచ్చింది. రాత్రంతా నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సదరు వాహనము కొండమార్గమునకు ఉద్దేశింపబడినది. కాగా నిన్నటి ప్రయత్నము పల్లమున జరిగినది. కొండమార్గములు మిక్కిలి ప్రమాదకరమైనవని విచారణ సంఘము ఇదివరకే తేల్చియున్నది. కావున వాహనమును గెడ్డవలస, జీలుగుమెట్ట, నేరేడుబంద మార్గమున నడిపించినచో, బోల్తా సహజముగానే సంభవించు అవకాశము మెండుగా గలదని సవినయముగా మనవి."

ముక్తేశ్వరరావు గారు రెండుసార్లు చదివారు. సంఘం మాట కాదనడానికి లేదు. కొండదారిలో బోల్తా పడదని ఆయన రాస్తే, అసలు పంజరమే ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఆయన నెమ్మదిగా కళ్లజోడు తీశారు.

"ధ్రువపత్రం లేని వాహనంలో ప్రయాణికులు ఉండకూడదే, వరహాలమ్మగారూ."

"ప్రయాణికులు వద్దండి. కాని ఖాళీ బండి నిన్న ఎలా చేసిందో చూశారు కదా. పైన కాస్త బరువు ఉండాలేమో."

"బరువు," అన్నారాయన. ఆ మాట నచ్చింది. "పరీక్షా భారం."

ఆసుపత్రి తూకంయంత్రం మీద వరహాలమ్మని తూచారు. యాభై ఎనిమిది కిలోలు. ఐసుతో సహా టీకామందు పెట్టె పదకొండు. రెండిటినీ కలిపి అరవైతొమ్మిది కిలోల పరీక్షా భారంగా నమోదు చేసి, భారం దారిలో కిందికి దిగి పనులు చేసుకోవచ్చునా అన్నదానికి అభ్యంతరం లేదని రాశారు. అప్పలకొండని కొండ ఎక్కమంటే మాత్రం అతను చేతులు జోడించాడు. పల్లంలో పడితే పెసరచేను ఉంటాదండి, అక్కడేటుంటాది అన్నాడు. మరొక డ్రైవరు లేడు. చివరికి, అనుభవం లేకపోయినా నేర్చుకోవడానికి అవకాశం ఇవ్వాలన్న ఉదార దృష్టితో, దాలినాయుడినే వెయ్యడానికి ఒప్పుకున్నారు. ఉత్తర్వు సంతకం అయ్యేసరికి మరో బుధవారం వచ్చింది.

గురువారం తెల్లవారి జీపు ఆవరణ దాటింది. గేటు దగ్గర ముక్తేశ్వరరావు గారు స్వయంగా నిలబడి, దాలినాయుడి భుజం తట్టి, భయపడకు, శాయశక్తులా ప్రయత్నించమన్నారు. చిత్తం బాబూ అన్నాడు దాలినాయుడు.

మొదటి గెడ్డ దగ్గరకి వచ్చారు. పైన ఎక్కడో అప్పటికే వాన పడుతోంది. నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి. దాలినాయుడు దిగి, పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి, నీళ్లలోకి నడిచి, కాలితో రాళ్లు తడిమి దారి చూసుకుని, మళ్లీ వచ్చి నడిపాడు. జీలుగుమెట్ట దగ్గర గట్టు విరిగిన చోట వరహాలమ్మని దింపేసి, ఖాళీగా దాటించి, మళ్లీ ఎక్కించుకున్నాడు. పరీక్షా భారాన్ని దింపకూడదేమోనని ఆమె అంటే, భారాన్ని కాదమ్మా దింపినాది, మిమ్మల్ని, అన్నాడు.

గెడ్డవలసలో పదిహేడుమంది. జీలుగుమెట్టలో పన్నెండు. ఐసు సగం కరిగింది. నేరేడుబంద చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. మొదట ఎవరూ కనపడలేదు. తరువాత ఒక చూరు కింద నుంచి సుక్రి వచ్చి, జీపునీ లోపలున్న నల్లటి గొట్టాలనీ కిందనుంచి పైదాకా చూసింది.

"మిమ్మల్ని ఇందులో ఏసి తాళం ఏసీసినారేటమ్మా?"

"ఏసేశారు. తప్పించుకుని వచ్చాను. పిల్లదాన్ని తే."

సుక్రి నవ్వలేదు. చంటిదాన్ని కొంగులోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. తరువాత వెనక్కి తిరిగి, ఆవిడొచ్చినాదర్రా అని ఒక్క కేక వేసింది. ఒక్కొక్క ఇంటిలోంచి ఒక్కొక్క తల్లి పిల్లల్ని చంకనేసుకుని వానలో పరుగెత్తుకొచ్చింది. పద్నాలుగుమంది. చివరి పిల్లాడి ఏడుపు ఆగేసరికి పెట్టెలో మిగిలింది నీళ్ళే.

తిరుగుదారిలో మూడో గెడ్డ దాటిన కాసేపటికే వెనక అది పొంగిన మోత వినిపించింది. దాలినాయుడు అద్దంలో చూసి, రెండో గేరులోకి మార్చాడు.

దీపాలు పెట్టేవేళకి జీపు ఆవరణలోకి వచ్చింది. ముక్తేశ్వరరావు గారు గొడుగు వేసుకుని వేపచెట్టు కిందే ఉన్నారు. జీపు చుట్టూ ఒకసారి తిరిగారు. నాలుగు చక్రాలూ చూశారు. ఎడమవైపు వంగి, ఒక గీతైనా పడిందేమోనని రేకు మీద బురద తుడిచి చూశారు. ఏమీ లేదు. ఆయన ముఖం చూస్తే వరహాలమ్మకే జాలేసింది. మొదటి ప్రయత్నానికి నిరుత్సాహపడకూడదని, వాన తగ్గాక దసరా నుంచి ప్రతి గురువారం పంపుతానని, పడేదాకా ఆపేది లేదని ఆయన అన్నారు. ఆమె అలాగేనండి అంది. నివేదిక పత్రం ఇచ్చి, ఇప్పుడే నింపి ఇవ్వమన్నారు.

ఆసుపత్రి అరుగు మీద బల్బు కింద కూర్చుని ఆమె నింపుతుంటే, దాలినాయుడు తల తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు. వాహనము బోల్తా పడినదా అన్న గడిలో లేదు అని రాసింది. పరీక్షా భారమునకు నష్టమేమైనా కలిగినదా అన్న గడిలోనూ లేదు అని రాసింది. కింద ఆఖరి గడి ఒకటుంది. "బోల్తా పడకపోవుటకు కారణము, ఒక్క వాక్యమునకు మించకుండ."

కలం అక్కడ కాసేపు ఆగింది. గెడ్డలో రాళ్ళు తడిమిన కాలు, విరిగిన గట్టు, మలుపు మలుపునా కొట్టిన హారను ఆమెకి గుర్తొచ్చాయి. ఒక్క మాటే రాసింది.

"డ్రైవరు."

"ఏటి రాసినారమ్మా?" అన్నాడు దాలినాయుడు.

చదివి వినిపించింది. దీనివల్ల మళ్లీ మెమో రావచ్చని కూడా చెప్పింది. అతను తువ్వాలు భుజాన వేసుకుని, కాగితం అందుకుని, చదువు రాకపోయినా ఆ గడికేసి చాలాసేపు చూశాడు.

"రానివ్వండి," అన్నాడు. "పంతొమ్మిదేళ్ళకి నా గురించి ఎవులో ఒకలు మంచిమాట కాయితం మీద పెట్టినారు. పంపీసే ముందు దీన్ని ఒక జెరాక్సు తీయించండమ్మా. మా ఆవిడికి సూపిస్తాను."